చంద్రబింబంలో రూపం చూచిన కవి: మీర్ తఖీ మీర్

ఉర్దూ గజల్ చెప్పిన కవులలో అగ్రగణ్యుడుగా రెండు శతాబ్దాలకు పైగా గౌరవం పొందుతున్న మహాకవి మీర్ తఖీ మీర్. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థులకు ఆయన పేరు క్రొత్తది కాదు. తెలుగు విద్యార్థులకు పోతన, వేమన ఎంతటివారో ఉర్దూవారికి మీర్ అంతటివాడని చెబితే చాలును. ఆయన గజళ్ళను కంఠస్థం చేసినవారు ఎందరో ఉన్నారు. కాని 17, 18 ఏళ్ళ ప్రాయంలో ఆయనకు మతి చలించిందనీ, కొంతకాలం ఇరుకు గదిలో బంధింపబడ్డాడనీ, అటుపిమ్మట కోలుకొని మహాకవి అయినాడనీ ఎరిగినవారు తక్కువ. ఈ సంగతిని లోకం కనిపెట్టలేదు. ఆయనే దాచక వ్రాసుకొన్నాడు.

ఆయన జీవితాన్ని ఈ ఘట్టం ఆధారంగా విద్యార్థుల ముందుంచాలని మేము సంకల్పించినాము. దానికి కారణం ఉన్నది. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఎక్కువగా పదిహేను, ముప్ఫై ఏళ్ళ మధ్యనే మొదలవుతుంది. అనగా కళాశాలలో చదివే వయస్సులోనే. మన ఇళ్ళలో దాని పేరెత్తడానికి కూడ జంకుతాము. మూడు వందల ఏళ్ళనాడు పుట్టిన ఒక కవి జంకక చెప్పిన విషయాన్ని తెలిసికొంటే, మనమూ ఆ మాట ఎత్తగలమని మా ఆశ.

మీర్ అసలు పేరు ముహమ్మద్ తఖీ. 1723లో అక్బరాబాదులో, అంటే నేటి ఆగ్రాలో జన్మించాడు. తండ్రి ముహమ్మద్ అలీ దర్వేషు జీవితం గడిపిన సాధుపురుషుడు. ఆయన దైవభక్తిని చూచి జనులు అలీ ముత్తఖీ అని పిలిచేవారు. తండ్రి శిష్యుడైన అమానుల్లా బాలుణ్ణి కన్నబిడ్డవలె సాకినాడు. మీర్ ఆయనను పినతండ్రిగానే భావించాడు. మీర్‌కు పది పదకొండేళ్ళు వచ్చేసరికి మొదట అమానుల్లా, కొద్దికాలానికే తండ్రి కన్నుమూశారు. తండ్రి విడిచిపోయినది ఆస్తి కాదు, అప్పు. సవతి అన్న ఆదుకొనలేదు. ఆ చిన్న వయస్సులోనే మీర్ బ్రతుకుతెరువు వెదకుకొంటూ ఢిల్లీ దారి పట్టవలసివచ్చింది.

ఢిల్లీలో నవాబు సంసాముద్దౌలా, అలీ ముత్తఖీ మీది గౌరవంతో ఆయన కుమారునికి రోజుకొక రూపాయి భృతి ఏర్పాటు చేశాడు. ఆ ఆధారం కూడ ఎంతో కాలం నిలువలేదు. 1739లో నాదిర్షా దండెత్తి వచ్చాడు. కర్నాల్ యుద్ధంలో సంసాముద్దౌలా గాయపడి మరణించాడు. ఢిల్లీ నగరం కొల్లగొట్టబడింది. భృతి ఆగిపోయింది. మీర్ మరల ఢిల్లీ చేరి సిరాజుద్దీన్ అలీ ఖాన్ ఆర్జూ ఇంట ఆశ్రయం పొందాడు. ఆర్జూ ఆనాటి పండితులలో పేరు మోసినవాడు. సవతి అన్నకు మేనమామ. మీర్ చెప్పుకొన్నదాని ప్రకారం, సవతి అన్న తనకు వ్యతిరేకంగా ఒక ఉత్తరం వ్రాయడంతో ఆర్జూ మనస్సు విరిగింది. అప్పటినుండి ఆ ఇంట తిట్లు, ఈసడింపులు తప్ప ఆదరణ లేకపోయింది. ఇది ఒక పక్షంవారు చెప్పిన కథ. ఆర్జూ పక్షం మనకు వినబడదు. ఏమైనా తల్లి ప్రేమకు, తండ్రి నీడకు దూరమై, పరాయి ఇంట పడి ఉన్న యువకుని మనస్సు ఎంత నలిగి ఉంటుందో ఊహించుకొనవచ్చును.

మీర్ మొదట మనుష్యులకు దూరమైనాడు. తలుపు మూసికొని ఒంటరిగా కూర్చునేవాడు. దుఃఖం గూడుకట్టుకొన్నది. తరువాత వెన్నెల రాత్రులలో చంద్రబింబం నుండి ఒక సుందరరూపం తనవైపు దిగివచ్చినట్లు కనబడసాగింది. ఎటు చూచినా అదే రూపం. రాత్రంతా ఆ రూపంతో కాలం గడిచినట్లుండేది. తెల్లవారితే ఆ రూపం మాయమయ్యేది. అప్పుడు ఉన్మాదం తలకెక్కేది. చేత రాళ్ళు పట్టుకొని తిరిగేవాడు, జనం ఆయనను చూచి తప్పుకొని పరుగెత్తేవారు. ఈ స్థితి కొన్ని నెలలు సాగింది. ఈ అనుభవాన్ని జిక్రె మీర్ అనే ఫార్సీ ఆత్మకథలోను, ఖ్వాబ్ ఓ ఖయాల్ అనే ఉర్దూ మస్నవీలోను ఆయన వర్ణించాడు.

ఇక్కడ ఒక చిన్న వివరం మనస్సుకు హత్తుకొంటుంది. పసితనంలో దాది ముఖం కడిగేటప్పుడు చంద్రుణ్ణి పిలిచేదట. పిల్లవాడు ఆకాశంవైపు తల ఎత్తేవాడట. మన తెలుగు తల్లులు చందమామను చూపి గోరుముద్దలు పెట్టినట్లే. తల్లిదండ్రుల లాలనకు గుర్తుగా మిగిలిన ఆ చంద్రుడే, అన్నీ పోయిన వేళ, మనిషి రూపం దాల్చి ఎదుట నిలిచాడు. భ్రాంతి ఎక్కడినుండో ఊడిపడదు. మెదడు పని తీరు దారి తప్పినప్పుడు, అది వాడుకొనే సామగ్రి మాత్రం ఆ మనిషి బ్రతుకులోనిదే, అతని భాషలోనిదే, అతని ఊరిలోనిదే. అందువలన మన పల్లెలలో జబ్బుపడినవారికి గ్రామదేవతో, చనిపోయిన బంధువో, జిన్నో, పోలీసులో కనిపించడంలో, వినిపించడంలో వింత లేదు. కనబడినది ఏదైనా జబ్బు స్వభావం ఒక్కటే.

మీర్‌కు వచ్చినది స్కిజోఫ్రీనియాయేనా అని విద్యార్థులు అడుగవచ్చును. మేము అట్లు నిర్ణయించబోము. రోగిని ఎదుట చూచి, కుటుంబంతో మాట్లాడి, కొన్ని వారాలు గమనించి వైద్యుడు చేయవలసిన నిర్ణయాన్ని ఒక పాత గ్రంథం చదివి చేయడం తగదు. తీవ్రమైన దుఃఖం వలన, జ్వరం వలన, మత్తు పదార్థాల వలన, ఇతర మానసిక వ్యాధుల వలన కూడ ఇటువంటి లక్షణాలు కలుగవచ్చును. పైగా మీర్ కొన్ని నెలలలో కోలుకొన్నాడు. ఆ వ్యాధి మరల చాలాకాలం వెంటాడినట్లు కనబడదు. కాని లేనిది కనబడడం, మనుష్యులనుండి విడిపోవడం, మాట, నడత అదుపు తప్పడం అనే ఈ లక్షణాలు లోపలినుండి ఎట్లుంటాయో తెలిపిన సాక్షులలో ఆయన ఒకడు. వ్యాధి పేరు కంటె ఈ సాక్ష్యమే మనకు ముఖ్యం.

స్కిజోఫ్రీనియా అనే పేరును 1908లో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ ప్రవేశపెట్టాడు. చీలిన మనస్సు అని గ్రీకు మూలాలకు అర్థం. ఈ అర్థాన్నిబట్టి ఒకే మనిషిలో ఇద్దరు మనుష్యులుండడమే ఈ జబ్బు అని సినిమాలు చూచి చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. ఆలోచన, భావం, ప్రవర్తన ఒకదానితో ఒకటి పొత్తు తప్పడమే ఆ పేరులోని భావం. ప్రపంచంలో దాదాపు మూడు వందల మందికి ఒకరు ఈ వ్యాధితో జీవిస్తున్నారని లెక్క. కులం, మతం, చదువు, సంపద అనే భేదం దీనికి లేదు.

దీని లక్షణాలను మూడు తెగలుగా చెప్పవచ్చును. మొదటిది, లేనివి కలుగడం. ఎవరూ లేనిచోట మాటలు వినబడతాయి. ఆ గొంతులు నిందిస్తాయి, ఆజ్ఞాపిస్తాయి, తన పనులనే వ్యాఖ్యానిస్తాయి. వీటిని భ్రాంతులంటారు. తనను ఎవరో వెంటాడుతున్నారనో, అన్నంలో విషం కలిపారనో, తన తలపులు ఇతరులకు తెలిసిపోతున్నాయనో తిరుగులేని నమ్మకం ఏర్పడుతుంది. వీటిని భ్రమలంటారు. మాట ఒక విషయం నుండి మరొకదానికి పొంతన లేకుండ పోవడం కూడ ఈ తెగలోనిదే. రెండవది, ఉన్నవి తరగడం. ఉత్సాహం, సంతోషం, మాట, స్నేహం క్రమంగా అడుగంటుతాయి. ముఖంలో భావం కనబడదు. స్నానం, బట్టలు మార్చుకొనడం కూడ భారమవుతాయి. మూడవది, బుద్ధి పని తీరు మందగించడం. ఏకాగ్రత నిలువదు, చదివినది గుర్తుండదు, చిన్న పనిని కూడ వరుసగా చేయలేరు.

లోకానికి మొదటి తెగ మాత్రమే కనబడుతుంది. రాళ్ళు పట్టుకొన్న మీర్‌ను చూచి జనం పరుగెత్తారు. తలుపు మూసికొని కూర్చున్న మీర్‌ను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. మన ఇళ్ళలోనూ ఇంతే. చురుకైన విద్యార్థి క్రమంగా మార్కులలో వెనుకబడితే సోమరితనం అంటాము. స్నేహితులను విడిచి గదిలో ముడుచుకొంటే పొగరు అంటాము. నిద్ర లేక రాత్రులు తిరిగితే ప్రేమ వ్యవహారం అంటాము. కేకలు వేసిన రోజున మాత్రం పిచ్చి అంటాము. అప్పటికి నెలలో, ఏళ్ళో గడచిపోయి ఉంటాయి. జబ్బు మొదలైన నాటికి, చికిత్స మొదలైన నాటికి మధ్య కాలం ఎంత తక్కువైతే అంత మంచి ఫలితం ఉంటుందని వైద్యులు గట్టిగా చెబుతున్నారు.

రోగి అంటే ప్రమాదకరమైనవాడనే భయం మరొకటి. ఈ వ్యాధిగ్రస్తులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. వారే ఎక్కువగా దెబ్బలకు, దోపిడికి, అవమానానికి గురి అవుతారు. తమ ప్రాణం తామే తీసుకొనే ముప్పు వీరిలో ఇతరులకంటె చాలా ఎక్కువ. రోగి మనకు అపాయం చేస్తాడని భయపడే మనం, రోగికి ఉన్న అపాయాన్ని తలచుకొనము.

మరల మీర్ కథకు వస్తాము. ఆయనకు ఆనాటి పద్ధతిలో చికిత్స జరిగింది. మంత్రాలు వేసేవారు వచ్చారు, హకీములు వచ్చారు. ఇరుకు గదిలో పెట్టి తలుపు మూశారు. నరం కోసి రక్తం తీశారు. స్పృహ తప్పేటంతగా తీశారు. శరీరంలో చెడిన ధాతువులు అధికమైతే ఉన్మాదం కలుగుతుందని యూనానీ శాస్త్రం భావించడం వలన ఆ పద్ధతి ఏర్పడింది. ఇది క్రూరత్వంతో చేసిన పని కాదు. అప్పటి తెలివికి అందిన వైద్యం. ఉన్మాదాన్ని జబ్బుగా చూడడం ఇస్లామీయ వైద్య సంప్రదాయంలో పాత సంగతి. 1284లో కైరోలో సుల్తాను ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకు ప్రత్యేకంగా చోటుండేది.

ఆ రోజులలో మీర్‌ను కనిపెట్టి ఉన్నది ఒక గృహిణి. ఆమె ఫఖ్రుద్దీన్ ఖాన్ భార్య. అలీ ముత్తఖీ మీది భక్తితో ఆయన కుమారుని చికిత్సకు ఆమె ధనం ధారాళంగా వెచ్చించింది. ఆమె సొంత పేరు కూడ మీర్ గ్రంథంలో కానరాదు. ఉర్దూ సాహిత్యం ఆ పేరు తెలియని తల్లికి ఎంత ఋణపడి ఉన్నదో చెప్పడం కష్టం. క్రమంగా చంద్రునిలోని రూపం దూరమైంది. నిద్ర వచ్చింది. బుద్ధి కుదుటపడింది.

సాధారణంగా కథలు ఇక్కడ ముగుస్తాయి. జబ్బు తగ్గింది, ఇంటికి వెళ్ళాడు అంటారు. కాని మీర్ జీవితంలో ముఖ్యమైన భాగం ఇక్కడ ప్రారంభమైంది. ఉన్మాదం నుండి తేరుకొన్న ఆ యువకుణ్ణి మరల చదువులోకి ఎవరు పిలుస్తారు? పిచ్చివాడని పేరుపడినవానికి పాఠం ఎవరు చెబుతారు? పాట్నా నుండి వచ్చిన మీర్ జాఫర్ అనే విద్వాంసుడు ఆయనను చూచాడు. పుస్తకం మీద ఆసక్తి ఉన్నదని గ్రహించి, ఏ ప్రతిఫలం కోరక ఫార్సీ చెప్పాడు. కొంతకాలానికి ఆయన స్వస్థలానికి వెళ్ళిపోయాడు. అటుపిమ్మట అమ్రోహాకు చెందిన సయ్యద్ సఆదత్ అలీ, రేఖ్తాలో, అనగా నేటి ఉర్దూలో, కవిత్వం చెప్పవలసిందని ప్రోత్సహించాడు. మీర్ ఆ సలహాను శిరసావహించాడు. వైద్యం ఆయనకు నిద్ర ఇచ్చింది. ఈ ఇద్దరు ఆయనకు పని ఇచ్చారు. కోలుకొనడమంటే ఈ రెండూ కలసి జరగడమని మా అభిప్రాయం.

అనతికాలంలోనే ఢిల్లీ ముషాయిరాలలో మీర్ పేరు మారుమ్రోగింది. 1752 నాటికి ఉర్దూ కవుల చరిత్రగా నికాతుష్షుఅరా అనే గ్రంథం రచించాడు. అహ్మద్‌షా అబ్దాలీ దండయాత్రలలో, 1761 పానిపట్టు యుద్ధానికి ముందు వెనుకలలో, ఢిల్లీ మరల మరల దోపిడికి గురి అయింది. తాను పెరిగిన వీధులు గుర్తుపట్టలేనంతగా శిథిలమై ఉండడం కళ్ళారా చూచాడు. ఆశ్రయదాతలు మారారు, ఊళ్ళు మారాయి. 1782లో నవాబు ఆసఫుద్దౌలా ఆహ్వానంపై లక్నో చేరాడు. 1810 సెప్టెంబరులో అక్కడే మరణించాడు. ఆరు ఉర్దూ దీవానులు, ఒక ఫార్సీ దీవాను, అనేక మస్నవీలు మనకు మిగిల్చాడు. ఆయన సమాధి ఆనవాలు మాత్రం నేడు లక్నోలో దొరకదు.

ఆయన ఆత్మకథ వెలుగులోకి రావడంలో మన దక్కనుకు భాగం ఉన్నది. జిక్రె మీర్‌ను మౌల్వీ అబ్దుల్ హఖ్ పరిష్కరించగా 1928లో అంజుమనె తరఖ్ఖీ ఉర్దూ ఔరంగాబాదు నుండి ప్రచురించింది. అప్పుడు ఔరంగాబాదు హైదరాబాదు సంస్థానంలోనిది. కవి తన ఉన్మాదాన్ని గూర్చి వ్రాసుకొన్న పుటలు అచ్చులోకి వచ్చినది తెలుగువారు, ఉర్దూవారు కలసి జీవించిన ఆ సంస్థానంలోనే అన్నమాట.

ఉన్మాదమే మీర్‌ను మహాకవిని చేసిందని కొందరంటారు. మేము అంగీకరించము. ఉన్మాదంలో ఉన్న నెలలలో ఆయన గొప్ప కావ్యమేదీ రచించలేదు. ఖ్వాబ్ ఓ ఖయాల్ తేరుకొన్న మనస్సుతో, నేర్చిన ఛందస్సుతో రచించినది. వ్యాధిని ప్రతిభగా పొగడడం, దయ్యంగా భయపడడం రెండూ రోగిని చికిత్సకు దూరం చేసేవే. ప్రేమోన్మాదిని ఆకాశానికెత్తే గజల్ సంప్రదాయంలో పెరిగిన మనం ఈ జాగ్రత్త మరింత పాటించాలి. మజ్నూను కథ పద్యంలో అందంగా ఉంటుంది. ఇంటిలో నిద్రాహారాలు మాని కూర్చున్న బిడ్డకు మాత్రం కావలసినది వైద్యుడు.

ఇక్కడ మరొకరి జీవితాన్ని తలచుకొనక తప్పదు. 1880లో ఆబె హయాత్ అనే ప్రసిద్ధ గ్రంథంలో మీర్ స్వభావాన్ని, అభిమానాన్ని కథలు కథలుగా చెప్పి ఇంటింటా పరిచయం చేసినవాడు ముహమ్మద్ హుసేన్ ఆజాద్. 1830లో ఢిల్లీలో పుట్టాడు. తండ్రి మౌల్వీ ముహమ్మద్ బాఖర్ పత్రికా సంపాదకుడు. 1857 తిరుగుబాటు అనంతరం ఆంగ్లేయులు ఆయన ప్రాణం తీశారు. ఆజాద్ సర్వస్వం విడిచి పారిపోతూ గురువు జౌఖ్ గజళ్ళ వ్రాతప్రతులను మాత్రం కాపాడాడు. లాహోరు ప్రభుత్వ కళాశాలలో ఆచార్యుడై ఉర్దూ వచనానికి, క్రొత్త కవిత్వానికి బాట వేశాడు. 1890 ప్రాంతంలో ఆయనకు మతిభ్రమణం కలిగింది. అది కొన్ని నెలలలో పోలేదు. 1910 జనవరిలో మరణించేవరకు, దాదాపు ఇరవై ఏళ్ళు, నడుమ నడుమ తెరపి ఇస్తూ సాగింది. ఆ కాలంలోనూ ఆయన కలం ఆగలేదు. కాని వ్రాసినదానిలో అధికభాగం ఇతరులకు బోధపడేది కాదు. ఆయన పూర్వం రచించిన దర్బారె అక్బరీ 1898లో అచ్చయినప్పుడు రచయిత తన గ్రంథానికి తాను మెరుగులు దిద్దుకొనే స్థితిలో లేడు.

మీర్ చరిత్ర చెప్పినవాడే మీర్ చీకటిలో పడినాడు. ఒకరు బయటపడ్డారు, మరొకరు పడలేదు. ఒకరు దృఢచిత్తులు, మరొకరు బలహీనులు అని దీనికి అర్థం కాదు. ఇటువంటి వ్యాధుల గతి అందరిలో ఒకే విధంగా ఉండదు. కొందరికి ఒక్కమారు వచ్చి పోతుంది. కొందరికి వచ్చి పోతూ ఉంటుంది. కొందరికి జీవితాంతం మందు, తోడు అవసరమవుతాయి. 1960ల చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది నగరాలలో స్కిజోఫ్రీనియా రోగులను పరిశీలించి, కొన్నేళ్ళు వెన్నంటి చూచింది. ఆ తొమ్మిదింటిలో మన దేశం నుండి ఎన్నికైనది మీర్ జన్మించిన ఆగ్రాయే. సంపన్న దేశాలకంటె ఆగ్రా, నైజీరియాలోని ఇబాదాన్ వంటిచోట్ల ఎక్కువమంది కోలుకొన్నట్లు తేలింది. ఉమ్మడి కుటుంబం, చేతనైన పని దొరకడం దీనికి కారణాలని కొందరు భావించారు; తరువాతివారు ఈ తేడాను ప్రశ్నించారు కూడ. ఒక్కటి మాత్రం నిశ్చయం. ఈ జబ్బు వచ్చిన ప్రతివాని బ్రతుకు ముగిసినట్లే అన్న మాట అసత్యం.

మీర్‌కు, ఆజాద్‌కు అందనిది మనకు నేడు అందుబాటులో ఉన్నది. మన అడవులలో పెరిగే సర్పగంధ వేరు ఉన్మాదానికి, రక్తపు పోటుకు పనిచేస్తుందని 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. దానినుండి తీసిన రెసర్పిన్ 1950లలో కొంతకాలం ఈ వ్యాధికి వాడబడి, దుష్ఫలితాల వలన వెనుకబడింది. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజైన్‌ను ప్రయోగించిన తరువాత క్రొత్త యుగం మొదలైంది. మెదడులో డోపమిన్ అనే రసాయనం చేసే పనిని ఈ మందులు తగ్గిస్తాయి. గొంతులు, భ్రమలు మెల్లగా అణగుతాయి. ఉత్సాహం తగ్గడం వంటి రెండవ తెగ లక్షణాలమీద మాత్రం వీటి ప్రభావం తక్కువ. అక్కడ కావలసినది ఓపికతో కూడిన తోడు, తగిన పని. మందుల వలన బరువు పెరగడం, చేతులు వణకడం, మగత వంటి ఇబ్బందులు కలుగవచ్చును. అట్టి వేళ వైద్యునితో చెప్పి మార్పించుకొనాలి. తగ్గిందని తమంతట తాము మాత్ర మానివేయడమే జబ్బు తిరుగబెట్టడానికి పెద్ద కారణం.

ఇక మన ప్రాంతానికి వస్తాము. వడమాలపేట పొరుగున ఉన్న పుత్తూరు కట్టు దేశమంతటా ప్రసిద్ధం. ఎముక విరిగినవారు ఎక్కడెక్కడినుండో వస్తారు. కట్టుతో బస్సులో కూర్చున్నవానిని చూచి ఎవరూ మొగం చాటు చేసికొనరు. ఎట్లు పడినావని అడిగి, చోటిచ్చి కూర్చోబెడతారు. మనస్సు విరిగినవానికి మాత్రం ఈ మర్యాద లేదు. గాలి సోకిందని ఒక ఇంట, చేతబడి అని మరొక ఇంట, సాయా పడిందని ఇంకొక ఇంట అంటారు. ఇంటిలో పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉన్నదని జబ్బును దాచిపెడతారు. పెళ్ళి చేస్తే కుదురుతుందని రోగికే పెళ్ళి చేస్తారు. రెండు జీవితాలు నలుగుతాయి.

దర్గాకు, గుడికి, చర్చికి వెళ్ళడం తప్పని మేము అనము. దుఆ, ప్రార్థన మనస్సుకు బలమే. కాని ప్రార్థన పేరిట మందు ఆపరాదు, గొలుసు వేయరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను ఆశ్రయించి వచ్చిన మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టివేయబడినవారు లేచి పరుగెత్తలేకపోయారు. ఇరవై ఎనిమిది మంది దగ్ధమైనారు. వారిని అక్కడ వదలిన కుటుంబాలలో ప్రేమ లేనివారే ఉన్నారని అనలేము. తెలియనివారు, వేరు దారి లేనివారు ఎక్కువ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ప్రభుత్వ సేవలద్వారా చికిత్స పొందడం ప్రతి ఒక్కరి హక్కు అన్నది. ఇరుకు గదిలో బంధింపబడిన మీర్‌కు లేని రక్షణ నేడు మన పొరుగింటి రోగికి చట్టరీత్యా ఉన్నది. తిరుపతిలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే సలహా పొందవచ్చును.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఇది. తరగతిలో మీ ప్రక్కన కూర్చునే మిత్రుడు క్రమంగా మాట తగ్గించి, నిద్ర మాని, ఎవరో తనను గూర్చి గుసగుసలాడుతున్నారని అంటూ ఉంటే నవ్వకండి. అతనికి వినబడే గొంతు లేదని వాదించి గెలువబోకండి. అతనికి అది నిజంగానే వినబడుతున్నది. ఆ భయాన్ని మాత్రం నమ్మి, ప్రక్కన కూర్చోండి. ఇంటివారికో, అధ్యాపకులకో చెప్పి వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి. తనకు హాని చేసికొంటానన్న మాట వినబడితే ఒంటరిగా వదలకండి. చికిత్స పొంది తిరిగి వచ్చిన రోజున అతని బల్ల ఖాళీగా ఉంచి, పోయిన పాఠాల నోట్సు అందించండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక విన్నపం. జబ్బు వలన హాజరు తగ్గిన విద్యార్థిని జాబితానుండి తొలగించడం సులభం. ఒక సంవత్సరం ఆలస్యమైనా మరల చేర్చుకొని పరీక్షకు కూర్చోబెట్టడం కొంచెం శ్రమ. ఫఖ్రుద్దీన్ ఖాన్ ఇల్లాలు ఆ ఖర్చు భరించకపోతే, మీర్ జాఫర్ ఆ పిచ్చివానికి పాఠం ఏమిటని తప్పుకొని పోయి ఉంటే, ఢిల్లీ వీధులలో ఒక అనాథ యువకుడు అనామకంగా రాలిపోయి ఉండేవాడు. అతనిలో ఎంత కవి ఉన్నాడో ఆ రోజున వారికి తెలియదు. తెలియకుండానే ఆదరించారు. మన ముందుకు వచ్చే బిడ్డ కవి కానక్కరలేదు. డిగ్రీ పూర్తిచేసి, ఒక ఉద్యోగం చూచుకొని, సాయంకాలానికి తన ఇంటికి చేరుకొంటే చాలును.